క్యాన్సర్ నయమైన పిల్లలను బడికి అప్పగించే బాధ్యత ఎవరిది? మూడు శాఖల అధికారులకు తల్లిదండ్రుల బహిరంగ లేఖ

ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రాష్ట్రాల పాఠశాల విద్య, వైద్య ఆరోగ్య, మహిళా శిశు సంక్షేమ శాఖల ఉన్నతాధికారులకు,

నమస్కారం.

మేము క్యాన్సర్ చికిత్స పూర్తయిన చిన్నపిల్లల తల్లిదండ్రులం. మా పిల్లల్లో ఎక్కువమందికి ఆరేళ్లు నిండకముందే జబ్బు బయటపడింది. చికిత్స ముగిశాక బడిలో వారికి ఎదురవుతున్న ఇబ్బందులను వివరిస్తూ మా జిల్లాలోని ఒక విద్యా కార్యాలయానికి వినతిపత్రం ఇచ్చాం. ఇది ఆరోగ్యానికి సంబంధించిన విషయం కనుక ఆసుపత్రిలో అడగమన్నారు. ఆసుపత్రిలో అడిగితే, రిపోర్టులన్నీ బాగున్నాయి, మిగతాది బడిలో మాట్లాడుకోండి అన్నారు. వినతిపత్రానికి రసీదు మా దగ్గర ఉంది. విద్యాసంవత్సరం గడిచిపోయినా జవాబు మాత్రం రాలేదు. అందుకే అందరికీ కనబడేలా రాస్తున్నాం.

ప్రభుత్వం చేసిన మేలును మేము మరిచిపోలేదు. 2007లో మొదలైన ఆరోగ్యశ్రీ, ఇప్పుడు ఆంధ్రప్రదేశ్‌లో డాక్టర్ ఎన్టీఆర్ వైద్య సేవ, తెలంగాణలో రాజీవ్ ఆరోగ్యశ్రీ పేర్లతో నడుస్తున్న ఈ పథకమే లేకపోతే మాలో చాలామందికి చికిత్స అన్న మాటే ఉండేది కాదు. హైదరాబాద్ ఎంఎన్‌జే, బసవతారకం, విశాఖ అగనంపూడిలోని హోమీ భాభా వంటి ఆసుపత్రుల్లో మా ఊళ్ల పిల్లలు బతికి బయటపడుతున్నారు. బతికిన పిల్లల గురించే ఈ లేఖ.

పిల్లల్లో అన్నిటికంటే ఎక్కువగా కనబడేది అక్యూట్ లింఫోబ్లాస్టిక్ లుకేమియా అనే రక్త క్యాన్సర్. అది ఎక్కువగా బయటపడేది రెండేళ్లకూ ఐదేళ్లకూ మధ్య. చికిత్స రెండు నుంచి మూడేళ్లు సాగుతుంది. మొదటి కొన్ని నెలలు గట్టి కీమో. కౌంట్స్ (రక్తకణాల సంఖ్య) పడిపోయినప్పుడల్లా జ్వరం, అడ్మిషన్, ఇంట్లోనే దిగ్బంధం. ఆ తర్వాత, జబ్బు తిరగబెట్టకుండా సాగే మెయింటెనెన్స్ అంటే రోజూ 6-మెర్కాప్టోప్యూరిన్ మాత్ర, వారానికోసారి మెథోట్రెక్సేట్, మధ్యమధ్య వెన్నులో ఇంజెక్షన్, చాలామందికి నెలకోసారి వింక్రిస్టిన్ అనే కీమో మందు, కొద్దిరోజుల స్టెరాయిడ్ కోర్సు. మూడేళ్ల వయసులో జబ్బు బయటపడిన బిడ్డకు అంగన్‌వాడీ వయసంతా ఇందులోనే గడిచిపోతుంది. పిల్లల మెదడు ఎదుగుదలలో 85 శాతానికి పైగా ఆరేళ్లలోపే జరుగుతుందని 2020 జాతీయ విద్యావిధానంలో ప్రభుత్వమే రాసుకుంది. అక్షరాలు ఏడాది ఆలస్యమైనా వస్తాయి. తన వంతు వచ్చేదాకా ఆగడం, అడిగి తీసుకోవడం, ఆటలో ఓడి మళ్లీ ఆడటం, పొద్దున పచ్చి కొట్టి సాయంత్రానికి పలకరించుకోవడం మాత్రం తోటిపిల్లల మధ్యే వస్తాయి. మా పిల్లలకు ఆ వయసులో తోడున్నది పెద్దవాళ్లు, నర్సులు, ఒక సెల్‌ఫోన్.

చికిత్స జరిగిన ప్రతి బిడ్డా వెనకబడిపోతుందని మేము అనడం లేదు. చాలామంది కొంతకాలానికి తోటివారితో బాగానే కలిసిపోతారు. ఇబ్బంది ఎవరికి ఎక్కువగా వస్తుందో వైద్యులకు ముందే తెలుసు: మెదడులో కణితి వచ్చినవారు, తలకు రేడియేషన్ పడినవారు, మరీ పసితనంలో చికిత్స జరిగినవారు, వినికిడో చూపో దెబ్బతిన్నవారు. ఆసుపత్రికి తెలిసిన ఈ విషయం బడికి ఏ కాగితం మీదా చేరకపోవడమే మా ఫిర్యాదు. దాని ఫలితాలు ఇంట్లో, తరగతి గదిలో ఎలా ఉన్నాయో కింద రాస్తున్నాం.

1. జబ్బు మిగిల్చిన నడతను చెడ్డ నడతగా లెక్కగడుతున్నారు. ఈ లేఖ రాస్తున్న నా కూతురికి మూడున్నరేళ్లప్పుడు చికిత్స మొదలైంది. వార్డులో ఎవరు ఆడినా ఆమెనే గెలిపించేవారు. సూది గుచ్చే ముందు నర్సమ్మ కూడా ఓడిపోయేది. ఒకటో తరగతిలో తొలిసారి కుర్చీలాటలో మొదటే ఔటైంది. కుర్చీని రెండు చేతులా పట్టుకుని, అది తనదేనని, ఎవరూ కూర్చోవడానికి వీల్లేదని ఏడ్చింది. పక్కనున్న పిల్లవాడిని కొరికింది కూడా. ఆ రోజు డైరీలో "మొండితనం, అతిగారాబం, తల్లిదండ్రులు వచ్చి కలవాలి" అని రాసి పంపారు. ఆ టీచరమ్మను తప్పుపట్టలేను. ఆమెకు ఎవరూ ఏమీ చెప్పలేదు. చికిత్స సాగుతుండగానే బడికి వెళ్లే పిల్లల సంగతి ఇంకా కష్టం. స్టెరాయిడ్ వేసుకునే రోజుల్లో వారికి ఆగని ఆకలి, నిద్రలేమి, కారణం లేని కోపం, ఏడుపు ఉంటాయి. కోర్సు ఆగిన కొద్దిరోజులకు అవి తగ్గుతాయి. ఈ ఒక్క ముక్క తెలిస్తే ఆ వారంలో శిక్షించకుండా ఊరుకోవచ్చు. తెలియక గోడకుర్చీ వేయించిన సందర్భాలు మా బృందంలోనే ఉన్నాయి.

2. శరీరంలో వచ్చిన మార్పులు ఎగతాళికి ఆస్కారమిస్తున్నాయి. వింక్రిస్టిన్ వల్ల కొందరు పిల్లలకు పాదం పైకి లేవక, అడుగు ఈడ్చినట్టు పడుతుంది. ప్రార్థన వరుసలో తూలి పడతారు; ఇంటర్వెల్‌లో మగపిల్లలు ఆ నడకను అనుకరించి నవ్వుతారు. జుట్టు రాలిన పిల్లవాడిని ప్రార్థనలో టోపీ తీసి నిలబడమన్నారు. స్టెరాయిడ్‌తో ఉబ్బిన ముఖానికి పెట్టిన పేర్లు ఇక్కడ రాయలేం. ఇలా నెల గడిచేసరికి పొద్దున్నే కడుపునొప్పి మొదలవుతుంది. సోమవారం వస్తుందంటే ఆదివారం రాత్రే వాంతి చేసుకునే పిల్లవాడు ఒకడున్నాడు. స్కాన్‌లో ఏమీ లేదు. జబ్బు తిరగబెట్టిందేమోనని ఆ తల్లి మళ్లీ రక్తపరీక్షలకు పరుగెత్తింది.

3. అంటుకుంటుందన్న భయంతో పక్కన పెడుతున్నారు. క్యాన్సర్ ఒకరి నుంచి ఒకరికి అంటుకోదు. అయినా మధ్యాహ్న భోజనంలో వేరే వరుస, మంచినీళ్లకు వేరే గ్లాసు. పక్క సీటు పిల్లవాడిని వాళ్ల నాన్న వచ్చి మార్పించుకుని వెళ్లాడు. అసలు ప్రమాదం ఉన్నది ఇటు నుంచి అటు కాదు, అటు నుంచి ఇటు. తరగతిలో ఒకరికి ఆటలమ్మ గానీ తట్టు గానీ వస్తే, రోగనిరోధక శక్తి తగ్గి ఉన్న మా బిడ్డకు అది ప్రాణం మీదికి వస్తుంది. ఆ సంగతి అదే రోజు మాకు తెలిస్తే ఆసుపత్రికి వెళ్లి ముందుజాగ్రత్త మందు అడగగలం. మన ఊళ్లలో ఆటలమ్మ పోస్తే ఇంటి ముందు వేపమండ కడతారు గాని బడికి కబురు చెప్పరు. అందుకని చాలామంది తల్లులు బిడ్డను బడికి పంపడమే మానేస్తున్నారు. ఏ ఒంటరితనం నుంచి బయటపడాలో బిడ్డ మళ్లీ అందులోకే వెళ్తోంది.

4. వినికిడి, చూపు లోపాలను పొగరుగా, పరాకుగా చూస్తున్నారు. కొన్ని కణితులకు ఇచ్చే సిస్‌ప్లాటిన్ అనే కీమో మందు సన్నని, హెచ్చుస్థాయి శబ్దాలు వినే శక్తిని దెబ్బతీయగలదు. పిలిస్తే పలుకుతారు కనుక చెవుడని ఎవరికీ అనుమానం రాదు. గోలగోలగా ఉన్న మైదానంలో మాత్రం స, శ, ష వంటి ధ్వనులు జారిపోయి, తోటివారు చెప్పిన ఆట నియమం సగమే వినబడుతుంది. తప్పు ఆడతాడు, రెండోసారి పిలవరు. రెటినోబ్లాస్టోమా ఎక్కువగా ఐదేళ్లలోపు పిల్లలకు వచ్చే కంటి క్యాన్సర్. ఒక కన్ను తీసేసి కృత్రిమ కన్ను పెట్టించుకున్న బిడ్డకు తనవైపు వచ్చే బంతి ఎంత దూరంలో ఉందో సరిగ్గా అంచనాకు అందదు. కన్ను లేని వైపు నుంచి వచ్చి తాకిన స్నేహితుణ్ణి చూడలేదు కనుక ఉలిక్కిపడి తోసేస్తాడు. దాన్ని కొట్లాట అంటారు.

5. ఆలస్యంగా బయటపడే నష్టాన్ని చూసేవారు లేరు. ఈ అంశాన్ని మీరు మిగతావాటికంటే శ్రద్ధగా చదవాలని కోరుతున్నాం. తలకు రేడియేషన్, వెన్నులోకి ఎక్కించే కీమో కొందరు పిల్లల్లో ఏకాగ్రతనూ, విన్నదాన్ని కాసేపు మనసులో నిలుపుకునే శక్తినీ, ఆలోచించి బదులిచ్చే వేగాన్నీ తగ్గిస్తాయి. తెలివి ఉంటుంది, మాట ఆలస్యమవుతుంది. ఇది వెంటనే కనబడదు. ఒకటి, రెండు తరగతులు ఎలాగో గడిచిపోతాయి. మూడు, నాలుగు తరగతులకు వచ్చేసరికి పాఠాలూ పెరుగుతాయి, స్నేహాలు నడిచే వేగమూ పెరుగుతుంది. పొడుపుకథకు జవాబు ఈ బిడ్డ నోటికి వచ్చేలోపు మిగతావాళ్లు మరో మాటలోకి వెళ్లిపోతారు. అప్పటికి ఆసుపత్రికి వెళ్లేది ఏడాదికోసారి, అదీ రక్తపరీక్షకు, స్కానింగ్‌కు. మాకు తెలిసిన కుటుంబాల్లో ఒక్క బిడ్డకైనా పథకం కింద మానసిక, అభ్యసన పరీక్ష జరగలేదు. ప్రైవేటులో చేయించుకోగలిగింది నగరంలో ఉన్న ఒకరిద్దరే. మిగతావారిని బడిలో మందబుద్ధి అంటున్నారు, కొన్నాళ్లకు వాళ్లే తమను తాము అలా అనుకుంటున్నారు. ఈ పిల్లలు ఎవరినీ కొట్టరు, ఏడవరు, చివరి బెంచీలో కుదురుగా కూర్చుంటారు కనుక ఎవరూ ఫిర్యాదు చేయరు.

6. ఇంట్లో ఉన్న మరో బిడ్డ లెక్కలోకే రావడం లేదు. తమ్ముడి చికిత్స సాగినంతకాలం అమ్మమ్మ ఊళ్లో ఉండిపోయిన అక్క, తిరిగొచ్చాక అమ్మతో మాట్లాడటం తగ్గించింది. ఇలాంటి కుటుంబాలు మాలో చాలా ఉన్నాయి.

7. హాజరు నిబంధన జబ్బుపడిన బిడ్డ తల్లినే శిక్షిస్తోంది. ఆంధ్రప్రదేశ్‌లో తల్లికి వందనం సాయానికి 75 శాతం హాజరు ఉండాలి. కీమోలో ఉన్న బిడ్డకు అది సాధ్యం కాదు. కూలి మానుకుని వార్డులో కూర్చున్న తల్లికి ఆ ఏడాది ఆ డబ్బూ పోతుంది. ఎక్కువకాలం రాలేదని కొన్ని బడుల్లో పేరే తీసేస్తున్నారు. ఇంతకాలం ప్రాణం కోసం పోరాడిన బిడ్డ కాగితాల మీద బడి మానేసిన బిడ్డ అవుతోంది.

వీటికి చట్టం లేదని ఎవరైనా అంటే మేము ఒప్పుకోలేం. విద్యాహక్కు చట్టం 2009లోని 4వ సెక్షన్ ప్రకారం, మధ్యలో చదువు ఆగిన బిడ్డను వయసుకు తగిన తరగతిలోనే చేర్చుకోవాలి, వెనకబడినదాన్ని అందుకోవడానికి ప్రత్యేక శిక్షణ ఇవ్వాలి. 17వ సెక్షన్ శారీరక దండననే కాక మానసిక వేధింపునూ నిషేధించింది. దివ్యాంగుల హక్కుల చట్టం 2016లో 16వ సెక్షన్ ప్రతి దివ్యాంగ విద్యార్థికీ అవసరమైన సర్దుబాట్లు చేయమంటోంది; అందుకు 40 శాతం వైకల్యం ఉండాలన్న షరతు లేదు. అయినా మాకు ఎక్కడికి వెళ్లినా సదరం సర్టిఫికెట్ (వైకల్య శాతాన్ని తేల్చే ప్రభుత్వ ధ్రువపత్రం) ఏదని అడుగుతున్నారు. మా పిల్లల్లో చాలామందికి చెవిలో కొంత, కాలిలో కొంత, ఏకాగ్రతలో కొంత లోపం ఉంటుంది. ఏ ఒక్కటీ 40కి చేరదు. అన్నీ కలిసి ఆ బిడ్డను తరగతికి దూరం చేస్తాయి.

మనుషులు లేరని కూడా అనలేరు. మండలాల్లో ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం భవిత కేంద్రాలు, వాటిలో ఆ పిల్లలకు నేర్పే ఐఈఆర్‌పీలు (సమ్మిళిత విద్య రిసోర్స్ పర్సన్లు) ఉన్నారు. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం బృందాలు అంగన్‌వాడీలకు ఏడాదికి రెండుసార్లు, బడులకు ఒకసారి వెళ్లాలి. వారు చూడవలసిన జాబితాలో వినికిడి లోపం, దృష్టి లోపం, అభ్యసన సమస్య, ఏకాగ్రత లోపం అన్నీ ఉన్నాయి. వారు పంపిన పిల్లలను పరీక్షించడానికి జిల్లా సత్వర చికిత్సా కేంద్రాల ఏర్పాటూ ఉంది. ముంబయి టాటా మెమోరియల్ ఆసుపత్రి చికిత్స పూర్తయిన పిల్లల కోసమే 1991లో ప్రత్యేక క్లినిక్ పెట్టింది. క్యాన్సర్ పిల్లలకు, కుటుంబాలకు అందవలసిన మానసిక, సామాజిక సేవలపై 2015లో అంతర్జాతీయంగా వెలువడిన పదిహేను ప్రమాణాల్లో బడికి తిరిగి చేర్చడం ఒకటి, తోబుట్టువులకు ఆసరా ఇవ్వడం మరొకటి. కొత్తగా కనిపెట్టవలసింది పెద్దగా ఏమీ లేదు. మూడు శాఖలు ఒకే బిడ్డ గురించి ఒకే కాగితం మీద సంతకం చేయడమే ఇంతవరకూ జరగలేదు.

కనుక మేము అడుగుతున్నవి ఇవి:

(అ) చికిత్స ముగిసిన రోజున డిశ్చార్జి సమ్మరీతో పాటు, బడికి ఇవ్వడానికి తెలుగులో ఒక పేజీ పత్రం ఆసుపత్రి తప్పనిసరిగా ఇవ్వాలి. ఈ బిడ్డ విషయంలో ఏమి గమనించాలి, ఏ ఆటలు ఆడవచ్చు, ఎక్కడ కూర్చోబెట్టాలి, ఏ లక్షణం కనబడితే తల్లిదండ్రులకు చెప్పాలి అన్నవి అందులో ఉండాలి. చికిత్స మధ్యలో బడికి వెళ్లే పిల్లలకు వేరే పత్రం ఉండాలి. అందులో ఆటలమ్మ, తట్టు వస్తే అదే రోజు కబురు చేయాలన్న సూచన పైనే ఉండాలి. ఒక జాగ్రత్త కూడా కోరుతున్నాం. రేపు సంబంధాలు చూసేటప్పుడు అడ్డమొస్తుందని, ముఖ్యంగా ఆడపిల్లల విషయంలో, జబ్బు పేరు దాచుకునే కుటుంబాలు మాలో ఉన్నాయి. అందుకోసమే ఊరు మారినవారూ ఉన్నారు. ఆ భయం సరైనదా కాదా అన్నది వేరే చర్చ. పత్రంలో బిడ్డ అవసరాలు రాస్తే చాలు, జబ్బు పేరు రాయాలా వద్దా అన్నది తల్లిదండ్రుల ఇష్టానికి వదలాలి.

(ఆ) బిడ్డ బడికి తిరిగొచ్చే ముందు ప్రధానోపాధ్యాయులు, తరగతి టీచరు, తల్లిదండ్రులు, భవిత కేంద్రం ఐఈఆర్‌పీ ఒకసారి కలిసి కూర్చోవాలి. మొదటి కొన్ని వారాలు పూటబడికి అనుమతించాలి. తోటిపిల్లలకు ఏమి చెప్పాలో, ఎంతవరకు చెప్పాలో ఆ సమావేశంలోనే అనుకోవాలి. ఒకరిద్దరు పిల్లలను తోడుగా ఉండమని టీచరు చెప్పిన చోట, మా అనుభవంలో, ఆ బిడ్డ త్వరగా కుదురుకుంది.

(ఇ) భవిత కేంద్రం సేవలకు క్యాన్సర్ చికిత్స పొందిన పిల్లల విషయంలో సదరం సర్టిఫికెట్ అడగకూడదు. ఆసుపత్రి పత్రం సరిపోవాలి.

(ఈ) వినికిడి, చూపు, అభ్యసన, భావోద్వేగ పరీక్షలను వైద్య సేవ, ఆరోగ్యశ్రీ పథకాల్లో ఫాలోఅప్ ప్యాకేజీగా చేర్చాలి. చికిత్స ముగిసినప్పుడు ఒకసారి, ఒకటో తరగతిలో చేరే ముందు, మూడో తరగతిలో, ఆరో తరగతిలో చేరే ముందు తప్పనిసరిగా జరపాలి. జిల్లా కేంద్రంలోనే జరిగితే ఒకరోజు కూలితో పోతుంది. హైదరాబాదుకో విశాఖకో రమ్మంటే సగం మంది రారు.

(ఉ) పిల్లల క్యాన్సర్ వార్డు ఉన్న ప్రతి ప్రభుత్వ, పథకం అనుబంధ ఆసుపత్రిలో పిల్లలతో పనిచేయడం తెలిసిన సైకాలజిస్టును నియమించాలి. కౌంట్స్ బాగున్న పిల్లలు కలిసి ఆడుకోవడానికి ఒక గది, రోజూ ఒక గంట, ఒక మనిషి ఉండాలి. ఈ గదిలో తోబుట్టువులకూ చోటివ్వాలి.

(ఊ) ఇంట్లో ఉండి చికిత్స పొందుతున్న మూడు నుంచి ఆరేళ్ల పిల్లల పేర్లు అంగన్‌వాడీ రిజిస్టరులో ఉంచాలి. అంగన్‌వాడీ టీచరు ఆటవస్తువులతో ఇంటికి వెళ్లాలి. డాక్టరు సరేనన్నప్పుడు ఒకరిద్దరు ఆరోగ్యంగా ఉన్న పిల్లలను వెంట తీసుకెళ్లగలిగితే మరీ మంచిది.

(ఋ) చికిత్స కారణంగా రాని రోజులను గైర్హాజరుగా లెక్కించకూడదు. నగదు సాయం ఆపకూడదు. రోల్స్ నుంచి పేరు తీయకూడదు. ప్రైవేటు బడులకూ ఇది వర్తించాలి.

పై ఏడింటినీ కలిపి మూడు శాఖలు ఉమ్మడిగా ఒక ఉత్తర్వు ఇవ్వాలని, వచ్చే జూన్‌లో బడులు తెరిచేలోగా అది మండల విద్యాధికారులకు, అంగన్‌వాడీలను చూసే సీడీపీఓలకు, పథకం అనుబంధ ఆసుపత్రులకు చేరాలని కోరుతున్నాం. ఏ శాఖ ఏ అంశాన్ని చూస్తుందో ఉత్తర్వులోనే ఉండాలి. ముసాయిదా తయారీలో మా అనుభవాలు చెప్పడానికి మేము సిద్ధంగా ఉన్నాం, ఎక్కడికి పిలిచినా వస్తాం.

ముప్పై రోజుల్లో రాతపూర్వకంగా జవాబు ఇప్పించగలరు. విషయం పరిశీలనలో ఉందని రాసేట్లయితే, ఎవరి పరిశీలనలో ఉందో ఆ అధికారి హోదా, నిర్ణయం వెలువడే తేదీ కూడా ఆ జవాబులోనే రాయించగలరు.

ఇట్లు,
క్యాన్సర్ చికిత్స పూర్తయిన పిల్లల తల్లిదండ్రుల తరఫున,
రెండో తరగతి చదువుతున్న ఒక పాప తల్లి